మహర్నవమి నాడు మొండికేసిన కారు

మా ఆయనకు కారు చెడిపోతే ఎదురుగా ఉన్న మనిషి మీద కోపం వస్తుంది. ఆ మహర్నవమి మధ్యాహ్నం ఎదురుగా ఉన్నది నేనే, వెనక సీట్లో, నొప్పులతో. తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగింది, వెంటనే బళ్ళారి ఆసుపత్రికి చేర్చకపోతే ఇద్దరూ దక్కరని మంత్రసాని తేల్చి చెప్పింది. స్టార్టర్ నొక్కితే టక్కుమని ఒక్క చప్పుడు, అంతే.

స్టార్టర్ మోటారు కాలిపోయిందన్నాడు ఆయన. అదే నిజమైతే బళ్ళారి బ్రూస్‌పేటలో ఉన్న మెకానిక్కే దిక్కు. అంతదూరం పోవడానికి మాకున్నది ఈ కారే. తిప్పి స్టార్ట్ చేసే హ్యాండిల్‌ను ఆయన ఎప్పుడో పోగొట్టాడు. మా ఊరు హచ్చొళ్ళి బురదలో బండిని తోసేందుకూ వీల్లేదు. నాకు ఒళ్ళు మండింది. లైట్లు వేసి స్టార్టర్ నొక్కితే రోగం తెలిసిపోతుందని చుట్టాల ముందు గొప్పలు పోతావు కదా, ఆ పని చెయ్యమని వెనక నుంచి అరిచాను.

లైట్లు బాగానే వెలిగాయి. స్టార్టర్ నొక్కగానే పూర్తిగా ఆరిపోయాయి. అంటే మోటారు కాలిపోలేదు, దానికి కరెంటు అందడం లేదన్నమాట. బానెట్ ఎత్తి బ్యాటరీ క్లిప్పులు ముట్టుకున్నాడు. ఒకటి చల్లగా ఉంది, రెండోది చెయ్యి కాలేంత వేడి. అప్పుడు వెలిగింది ఆయనకు. ముందురోజు ఆయుధపూజ కోసం బ్యాటరీ కడిగితే, మా అత్త దాని టెర్మినళ్ళకు దిట్టంగా పసుపు పూసింది. ఈయన ఆ పసుపు మీదే క్లిప్పులు బిగించాడు. కరెంటుకు అదే అడ్డు.

విప్పాలంటే పానా కావాలి. అది పూజలో, చామంతుల కింద ఉంది. పూజకు పెట్టిన పనిముట్టును మర్నాటి దాకా మా ఇంట్లో ఎవరూ తాకరు. మా అత్త ఆ రోజు కూరగాయలకు కత్తి కూడా పట్టని మనిషి. ఆయన గడపలో నిలబడ్డ ఆమె వైపు చూశాడు గానీ అడగలేకపోయాడు. ఆమే లోపలికి పోయి పానా తెచ్చింది.

"తీసుకోప్పా. అమ్మోరికి నేను చెప్పుకుంటా," అంది.

పసుపంతా గీకి బిగించాక స్టార్టర్ నొక్కాడు. మోటారు గిర్రున తిరిగి ఇంజను అందుకుంది. ఆ చప్పుడుకు నొప్పుల్లోనే నవ్వొచ్చింది నాకు. దారి పొడుగునా మా అత్త నా తల ఒళ్ళో పెట్టుకుని అమ్మవారికి లెంపలు వేసుకుంటూనే ఉంది.

ఆసుపత్రి చేరాక కూడా ఆయన ఇంజను ఆపలేదు. ఇక్కడ కాదు, ఇంకోచోటికి పొమ్మంటే మళ్ళీ మొండికేస్తుందేమోనని భయం. కాన్పు గది కిటికీలోంచి ఆ చప్పుడు వినబడుతూనే ఉంది. బిడ్డ ఏడ్చింది. ఇద్దరం క్షేమమని చెప్పడానికి మా అత్త బయటికి పోయింది. కాసేపటికి ఇంజను ఆగింది. బతికానని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.