మా నాన్నకి నర్సరీ చదరంగం

ఆ రోజుల్లో కలకత్తా సాల్ట్ లేక్‌లో నాలుగేళ్ళ పిల్లలకి వ్యూహం నేర్పే ఉద్యోగం నాకు దొరికింది. నాలుగేళ్ళవాడికి వ్యూహం ఎందుకమ్మా అంటారేమో. ముక్కు చీదుకోవడం రానివాడికి ఇవాళ ఎత్తులు నేర్పితే, వాడు రేపు కంపెనీలు ఏలేస్తాడని వాళ్ళ అమ్మానాన్నల నమ్మకం. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. ఖిదిర్‌పూర్ డాక్ క్వార్టర్స్‌లో నాన్న దగ్గర నేర్చుకున్న చదరంగం తప్ప చేతిలో మరో విద్య లేదు. పొద్దున్నే బస్సులు మారి వెళ్ళి, చెక్క పజిళ్ళూ బంట్లూ పరిచి, "ముట్టుకునే ముందు చూడు, ఎదుటివాడు ఏం చేస్తాడో ఆలోచించు" అని బెంగాలీలో రోజంతా పాడేదాన్ని. ఒకడు బంట్లకి చేతిరుమాలు కప్పి జోకొట్టేవాడు. మరొకడు, నేను మనసులో కొరుకుడుబాబు అని పేరు పెట్టుకున్నవాడు, మంత్రి తల కొరికేసేవాడు. సాయంత్రం వాళ్ళమ్మ వచ్చి "మిస్, వ్యూహం వస్తోందా?" అని అడిగితే, పళ్ళయితే వస్తున్నాయండీ అని చెప్పాలనిపించేది. (చెప్పలేదు. ఉద్యోగం కావాలి మరి.)

ఎందుకు కావాలంటే, ఆ వేసవిలోనే నాన్నకి పక్షవాతం వచ్చింది. డాక్‌లో క్రేన్ కింద ఓడల సరుకు దించే మనిషి, ఉన్నపళంగా కూలబడిపోయాడు. కాలూ చెయ్యీ మెల్లగా తిరిగొచ్చాయి గానీ, బుర్రలో అక్కడక్కడ చిల్లులు పడ్డాయి. చొక్కా తిరగేసి తొడుక్కునేవాడు. అన్నం తిన్న కాసేపటికే అన్నం పెట్టలేదని అమ్మ మీద అలిగేవాడు. మేముండే రెండు గదులు నాన్న ఉద్యోగంతో వచ్చినవి. డాక్టరు పరీక్ష చేసి, కూర్చుని చేసే పనికైనా పనికొస్తాడంటే ఇల్లు ఉంటుంది, లేదంటే సామాను సర్దుకోవాలి. పక్కింటి మావయ్య ఎక్కడో విని వచ్చాడు. "ఆ డాక్టరు పిల్లలాడే చెక్క బొమ్మలిచ్చి అతకమంటాడంట. అతికితే ఉద్యోగం, లేపోతే లేదు" అన్నాడు. సరే, నా విద్యకి ఇంట్లోనే పని పడింది అనుకున్నాను.

క్లాసులో పళ్ళగాట్లు పడి పారెయ్యబోయిన సామానంతా సంచీలో వేసుకొచ్చి, నాన్నని చాప మీద కూర్చోబెట్టి, నాలుగేళ్ళ పిల్లల పాఠమే మొదలుపెట్టాను. చదరంగంలో ఆయన్ని ఓడించిన మొనగాడు మా క్వార్టర్స్‌లో లేడు. అలాంటి మనిషి పజిల్ పలకలో ఆవు బొమ్మని చేప ఆకారం గుంటలో కుక్కుతూ చెమటలు కక్కుతుంటే, నాకు నవ్వు ముందొచ్చి ఏడుపు వెనకొచ్చేది. సరిగ్గా పెడితే చేతి మీద బంగారురంగు చుక్క అంటించేదాన్ని. అమ్మ వంటగదిలోంచి తొంగిచూసి "ఏటే, మీ నాన్నకి చుక్కలంటిత్తన్నావేటి? బుగ్గన దిష్టిచుక్క కూడా ఎట్టీ" అనేది. ఆయన మాత్రం ఆ చెయ్యి వీధంతా చూపించి వచ్చేవాడు. (బెంగాలీలు చదరంగంలో ఏనుగుని పడవ అంటారు. నాన్నకి ఏనుగు పూర్తిగా మరుపున పడి పడవ మిగిలింది. డాక్ మనిషి కదా అని సరిపెట్టుకున్నాం.) "ఏటి సెయ్యాలో తోచకపోతే కంగారు పడకు నాన్నా, నీది ఏదీ పోకుండా చిన్న అడుగేసి, ఎత్తు ఎదుటోడికి వొగ్గీ" అని కొరుకుడుబాబుకి చెప్పిందే ఆయనకీ చెప్పాను. పరీక్ష నాటికి ఆవు ఆవు గుంటలోకీ చేప చేప గుంటలోకీ చేరాయి. నేను ధైర్యంగానే తీసుకెళ్ళాను.

డాక్టరు బల్ల మీద బొమ్మా లేదు, పజిలూ లేదు. మావయ్యది ఉత్త గాలిమాట. డాక్టరు కళ్ళజోడు తుడుచుకుని, చెయ్యెత్తమన్నాడు, నడవమన్నాడు, ఇది ఏ ఊరన్నాడు. కలకత్తా అన్నాడు నాన్న. తర్వాత డాక్టరు నన్ను చూపించి "ఈమె ఎవరు?" అన్నాడు.

"నా కూతురు."

"పేరు?"

నాన్న నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఆవుని చేతిలో పట్టుకుని గుంట కోసం వెతికే చూపు అది. పెదాలతో అందిద్దామంటే డాక్టరు నన్నే చూస్తున్నాడు. ఇల్లు పోయిందే అనుకున్నాను. అప్పుడు నాన్న తాపీగా కుర్చీలో వెనక్కి వాలి, నవ్వి, బెంగాలీలో అన్నాడు: "డాక్టర్‌బాబూ, చదువుకున్న పిల్ల, ఎదురుగా ఉంది. దాని పేరు కూడా తండ్రే చెప్పాలా? దాన్నే అడగండి." డాక్టరు నవ్వేశాడు. నన్ను అడిగాడు, చెప్పాను. గేటు దగ్గర కూర్చునే పనికి పనికొస్తాడని రాసి సంతకం పెట్టాడు. అంత చక్కని ఎత్తు వేసిన శిష్యుడు నాకు ముందూ లేడు, తర్వాతా రాలేదు. ఆ గర్వం మెట్లు దిగేదాకా ఉంది. కిందకొచ్చాక గానీ బుర్రకెక్కలేదు, నా పేరు ఆయన దగ్గర లేదని. ఆస్పత్రి నుంచి వచ్చింది మొదలు "ఏయ్", "ఇటు రా" తప్ప నన్ను మరోలా పిలవలేదని కూడా అప్పుడే తట్టింది. ఊళ్ళో పిల్లలకి ముందుచూపు నేర్పే మనిషిని, నాకు కళ్ళముందుది కనపళ్ళేదు. చాలా బాధేసింది.

బస్సులో నాన్న పొట్లంలోని ఝాల్‌ముడి మరమరాలు నములుతూ హుషారుగా ఉన్నాడు. ఉండబట్టలేక "నాన్నా, నా పేరు సెప్పు" అన్నాను. పొట్లం మడిచి కిటికీ వైపు తిరిగాడు. "టీచరమ్మ గారికి తన పేరు తెలీదేటి?" అన్నాడు, నా వైపు తిరక్కుండానే. నా మీద కూడా అదే ఎత్తు వేశాడు. ఇంకెప్పుడూ నేను అడగలేదు.

ఇల్లు నిలబడింది. పోయేదాకా ఆ గేటు దగ్గరే కూర్చున్నాడు, పోయేదాకా నేను టీచరమ్మనే. ఆయన్ని చూసి క్వార్టర్సంతా అదే పట్టుకుంది, చివరికి అమ్మ కూడా. ఇప్పుడు న్యూ టౌన్‌లో నాకే సొంత క్లాసుంది. ఈ ఆటలు జీవితంలో ఎలా పనికొస్తాయి మిస్ అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఏకాగ్రతా ఓర్పూ అంటూ ఏదో అప్పజెప్తాను. మొన్న బ్యాంకులో నా పేరు పెట్టి తెగ పిలిచారట, నేను పలకలేదు. పక్కనున్నావిడ నా చేతిలో కాగితం చూసి, మోచేత్తో పొడిచి "మీ పేరు మీకు తెలీదా?" అంది. నవ్వొచ్చింది. "మా నాన్న పోలికండీ" అని చెప్పి లేచాను.