పై వరుసలో మా వదిన చోటు

మా వదిన తీరిగ్గా కూర్చోగా చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, వచ్చి దణ్ణం పెట్టుకుంటాను. అన్నం తినేటప్పుడు కూడా ఆవిడ కాలొకటి గుమ్మం వైపే ఉంటుంది. కాలు కాలిన పిల్లి అంటారే, ఆ పిల్లి మా ఇంటికొస్తే ఈవిణ్ణి చూసి సిగ్గుపడి ఓ మూల కూర్చుంటుంది. మా అన్నయ్య లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రోజంతా పైకీ కిందికీ తిరిగొచ్చినవాడు, ఇంట్లో పెళ్ళాన్ని చూస్తేనే తనకు కళ్ళు తిరుగుతున్నాయంటాడు.

ఇదేం పుట్టుకతో వచ్చిన గుణం కాదు. పాటల సంఘం ఆఫీసు చూడ్డం మొదలెట్టాక పట్టుకుంది. అంతకుముందు ఆవిడ అదే సంఘంలో పాడేది.

ఆ సంఘం గురించి చెప్పాలి. కింద అట్టపెట్టెల గోదాము, దాని నెత్తిన పొడుగాటి హాలు. హాల్లో ఓ మూల పియానో, దాని మీద వానాకాలమంతా ప్లాస్టిక్ పట్టా. ఇంకో మూల చెక్కలు అడ్డంపెట్టి కట్టిన ఆఫీసు గది. సాయంత్రాలు నలభై మందిమి చేరి పాడతాం, అందులో కొందరు వయొలిన్లు వాయిస్తారు. నర్సులు, టీచర్లు, ఒక ప్లంబరు, కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే నేను. నాది కింది గొంతుల వరుస, అంటే గొంతు పైకి పోనివాళ్ళ వరుస. పాట నేర్పే పెద్దాయన్ని అందరం ఆపు మాస్టారంటాం. రెండు ముక్కలు పాడేసరికి చెయ్యెత్తి 'ఆపు' అనకపోతే ఆయనకు తోచదు. బయట బోర్డు మీద లాభాపేక్ష లేని సంఘం అని రాసుకున్నాం. అపేక్ష సంగతేమో గాని, లాభం మాత్రం మేమెన్నడూ ఎరగం.

పై గొంతుల వరుసలో చివరి నుంచి రెండో చోటు వదినది. ఆవిడ ఎత్తుకుంటే కింద పెట్టెలు సర్దేవాళ్ళు చెయ్యాపి వినేవాళ్ళు. ఆడపడుచును, నా నోట పొగడ్త రావడమే కష్టం, అయినా చెబుతున్నాను. అలాంటిది, ఆఫీసు చూసే ఆయన జీతం సరిపోక మానేసిపోతే, ఈవిడ కొన్నాళ్ళు చూస్తాలెండి అంది. ఎవరడిగారు చెప్పండి? కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. ఆ కొన్నాళ్ళు ఏళ్ళయ్యాయి. మేం లోపల పాడుతుంటే ఆవిడ మెట్ల మీద గోదాము యజమానిని బతిమాలుతూ ఉండేది. లేకపోతే కరెంటు ఆఫీసుకో, పియానో శ్రుతి చేసే ఆయన ఇంటికో పరుగు. పాట మొదలవడం విన్నా, పూర్తవడం ఎప్పుడూ వినలేదు.

దీనికంతటికీ కారణం ఒకటే. మాలాంటి సంఘాలకు డబ్బిచ్చే దాతల సంస్థలు లేకపోలేదు. ఏటా ఇస్తారు, కానీ కొత్తగా ఏదైనా చేస్తేనే ఇస్తారు. అందుకని వదిన ఏటా ఓ కొత్త వేషం కట్టించేది. ఒక ఏడు రైల్వే స్టేషన్లో పాడించింది. ఒక ఏడు ఆసుపత్రి వరండాలో. మరో ఏడు ఈతకొలను పక్కన పాడించింది, తేమకు వయొలిన్లు ఉబ్బి మూలిగాయి. పోస్టర్లకు డబ్బుండేది, పోస్టరు అంటించే గోడకు అద్దె ఉండేది కాదు. పెళ్ళికి అందరూ ఇస్తారు, కాపురానికి ఎవడిస్తాడు అని అన్నయ్య వేళాకోళం చేసేవాడు. వాడన్నవాటిలో నిజమైన మాట అదొక్కటే.

అలాంటి సమయంలో ఓ సంస్థ కాపురానికే ఇస్తానంది. ఐదేళ్ళ పాటు, అద్దెకీ కరెంటుకీ జీతాలకీ. కొత్తగా ఏమీ చెయ్యక్కర్లేదట, ఉన్నది నడుపుకుంటే చాలట. ఆ సంగతి చెప్పిన రోజు వదిన మా వంటగదిలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తూనే ఉంది.

"ఇదొస్తే ఆఫీసులో ఇంకో మనిషిని పెట్టొచ్చే. నేను పోయి నా వరుసలో నిలబడొచ్చు" అంది.

సంఘం బతుకుతుందనో, పైకప్పు బాగవుతుందనో అనలేదు. ఆవిడ అడిగింది ఆ చోటొక్కటే. రాకపోతే ఇక చాలు, మా కంపెనీలో లెక్కల పని ఖాళీ ఉంది, చేరిపో అని అన్నయ్య తేల్చేశాడు. వదిన కాదనలేదు. కాదనని వదినను నేను అదే మొదటిసారి చూడటం.

సంస్థ వాళ్ళు ఓ సాయంత్రం మనిషిని పంపుతామన్నారు. ప్రత్యేకంగా ఏ ఏర్పాట్లూ వద్దు, మీ మామూలు సాధన చూస్తే చాలన్నారు. అక్కడొచ్చింది తంటా. ఏళ్ళ తరబడి వేషాలు కట్టి కట్టి మేం మామూలుగా ఉండటం మర్చిపోయాం. వదిన వారమంతా మాచేత మామూలుతనం సాధన చేయించింది. నవ్వకండి, నిజం. మామూలు రోజున ఎవరో ఒకరు ఆలస్యంగా వస్తారు కాబట్టి ఆ పని ప్లంబరుకు అప్పజెప్పింది. మామూలు రోజున తప్పులు పోతాయి కాబట్టి ఓ తప్పు కూడా ఖాయం చేసింది. రెండో పాటలో పై గొంతులవాళ్ళు ఒక తాళం దెబ్బ ముందే ఎత్తుకోవాలి. మాస్టారు ఆపు అనాలి, విడమరిచి చెప్పాలి, అప్పుడు వాళ్ళు సరిగ్గా పాడాలి. ఇక్కడ నేర్పడం జరుగుతోందని వచ్చినవాళ్ళకు తెలియాలిగా! తీరా చూస్తే, ఆ చోట సరైన ఎత్తుగడ పై గొంతులవాళ్ళకు అప్పటికే నోటికొచ్చేసింది. దాన్ని మళ్ళీ తప్పు పాడించడానికి మాస్టారి తలప్రాణం తోకకొచ్చింది. వద్దు వదినా, ఇది బెడిసికొడుతుంది అని నేను మొత్తుకున్నాను. నీ నోరు కాస్త కట్టుకో అంది.

వచ్చినావిడ సన్నగా ఉంది, గొడుగు పక్కన పెట్టి వెనక బల్ల మీద కూర్చుంది. ఆలస్యంగా రావలసిన ప్లంబరు భయంకొద్దీ అందరికంటే ముందొచ్చి, మెట్ల మలుపులో దాక్కుని, ఆవిడకే ఎదురుపడి నమస్కారం పెట్టాడట. సరే, రెండో పాట మొదలైంది. తప్పు పై గొంతులవాళ్ళు మాత్రమే చెయ్యాలి కదా? వారం రోజులుగా ఆ తప్పే విని విని, కంగారులో మేమంతా ఒక దెబ్బ ముందే ఎత్తుకున్నాం. కింది గొంతులు, వయొలిన్లు, పియానో, అందరం. నలభై మందీ ఒక్కసారే తప్పితే అది తప్పెలా అవుతుంది? పాట బ్రహ్మాండంగా కుదిరింది. మాస్టారి చెయ్యి ఒక్కటే వెనకబడి గాల్లో వేలాడింది. ఆపు అనడానికి ఆయన నోరు తెరిచారు గానీ ఎవరిని ఆపాలో తెలియలేదు.

పాటయ్యాక ఆవిడ లేచి వదిన దగ్గరికి వచ్చింది. ఈ తప్పును ఎన్నాళ్ళు సాధన చేశారని మెల్లగా అడిగింది. వదిన మొహం కందగడ్డయింది. అసలే నా నోరు ఆగదు, వారమంతా అండీ అని నేనే చెప్పేశాను. ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. మరి మీరేం పాడతారని వదినను అడిగింది. నేను పాడనండీ, ఆఫీసు చూస్తాను అంది వదిన.

నాకు ఒళ్ళు మండిపోయింది. "పాడకపోవడం కాదండీ, పాడే వీలు లేదు. అదిగో, ఆ వరుసలో చివరి నుంచి రెండోది తన చోటు. మాస్టారు ఇంకెవరినీ నిలబెట్టలేదు" అన్నాను.

డబ్బొస్తే మొట్టమొదట ఏం చేస్తారని ఆవిడ వదిననే అడిగింది. దానికి జవాబు వదిన ముందే తయారుచేసుకుంది, మా అందరిచేతా బట్టీ కూడా పట్టించింది. సంఘం విస్తరణ, అదీ ఇదీ. అందులో ఒక్క ముక్కా నోటికి రాలేదు.

"రెండో మనిషిని పెట్టుకుంటానండీ. నేను పోయి పాడుకుంటాను" అంది. అనేసి తల దించుకుంది.

ఆ తర్వాత కబురు కోసం చూసిన రోజులు పగవాడికి కూడా వద్దు. పాడుచేశానే, అంతమంది కోసం వచ్చిన అవకాశాన్ని నా ఒక్కదాని కోసం అడిగేశాను అని వదిన ఇంట్లో తిరిగిన చోటే మళ్ళీ మళ్ళీ తిరిగింది. సర్దిన అలమరానే మళ్ళీ సర్దింది. ఫోను మోగితే ఎత్తదు, మోగకపోతే చేతిలోంచి దించదు. అన్నయ్య తన కంపెనీ వాళ్ళతో మాట్లాడి పెట్టాడు. నేను దుకాణంలో ఒకరి కళ్ళజోడు ఇంకొకరికి తొడిగి తిట్లు తిన్నాను. నిజం చెప్పొద్దూ, ఆవిడ ఆ లెక్కల పనిలో చేరిపోతుందని నాకు ఏడుపొచ్చేది.

కబురొచ్చింది. ఐదేళ్ళకూ ఇస్తున్నారు. మొదటి ఖర్చు రెండో మనిషి జీతమే కావాలని వాళ్ళే షరతు పెట్టారు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఒకావిణ్ణి కుదుర్చుకున్నాం. మనిషి గట్టిది, గోదాము యజమాని ఆవిడ ముందు నిలబడే మాట్లాడతాడు.

వదిన తిరిగి వరుసలోకి వచ్చిన సాయంత్రం అందరం చప్పట్లు కొట్టాం. ఆవిడ నిలబడిందే గాని, చూపులు ఫ్యాను మీదా, కిటికీ రెక్క మీదా, ఆఫీసు తలుపు మీదా తిరుగుతూనే ఉన్నాయి. మాస్టారు ఆవిడ పాడే పాతపాటే ఎత్తించారు. మొదటి చరణం బాగానే నడిచింది. పైకి వెళ్ళాల్సిన చోట వదిన గొంతు వెళ్ళలేదు. జీరపోయి, సగంలో విరిగింది. మళ్ళీ పాడించారు, మళ్ళీ విరిగింది. మూడోసారి అసలు శబ్దమే రాలేదు. ఇన్నేళ్ళు యజమానులనీ ఆఫీసులనీ బతిమాలిన గొంతు కదా, ఏం మిగులుతుంది? నాకు ఎవరి మీదో తెలియని కోపం ముంచుకొచ్చింది.

మాస్టారికి అబద్ధాలు రావు. "ఇప్పుడు పైకి పోదమ్మా. కిందివాళ్ళతో నిలబడు" అన్నారు.

వదిన హాలు అడ్డంగా నడిచొచ్చి నా పక్కన నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. కాసేపు గొంతు పట్టుకుని చూసుకుంది. తర్వాత నా వైపు వంగి గుసగుసగా అడిగింది.

"ఐదేళ్ళిచ్చారు కదే. ఐదేళ్ళలో రాదంటావా?"

నేను పాట కాగితాన్ని ఇద్దరికీ కనబడేలా పట్టుకున్నాను.