ఉచిత మిషనుకు మూతి విరుపు

కోటబొమ్మాళిలో మా నాన్నది పప్పుల కొట్టు. సరుకు కొనేటప్పుడు ఆయన ముందు మూతి విరిచేవాడు. గుప్పెడు మినుములు తీసి, వేళ్ల సందుల్లోంచి జార్చి, "ఇదేటి బావా, అంతా తాలే" అనేవాడు. ధర అడగడం ఆ తర్వాతే. అమ్మే రైతు కూడా ఈ ఆటలో ఆరితేరినవాడే కాబట్టి ఎవరికీ నొప్పి ఉండేది కాదు. నాకు నడక కంటే ముందు ఆ మూతి విరుపే వచ్చిందని మా అమ్మ ఇప్పటికీ అంటుంది.

ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను. మా పేటవాళ్లకి ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. ఇంట్లో అక్కర్లేని వస్తువు ఫొటో పెడతారు. ముందు అడిగినవాళ్లు వెళ్లి ఊరికే తెచ్చుకోవచ్చు. నాలాంటిదానికి ఇంకేం కావాలి? కుర్చీ కోసం వెళ్లి కొసరుగా దిండు అడిగిన ఘనత నాది.

మొన్న ఆ గ్రూపులో కుట్టుమిషను కనబడింది. బట్టల కొట్లో రోజంతా నిలబడి మా చెల్లెలికి కాళ్లు వాచిపోతున్నాయి. మిషను ఉంటే ఇంట్లోనే కూర్చుని జాకెట్లు కుట్టుకుంటుంది. అందరికంటే ముందు నేనే "మాకు కావాలి" అని పెట్టి, చెల్లెల్ని వెంటబెట్టుకుని వెళ్లాను.

మేడ మీద ఇల్లు. తలుపు తీసిన పెద్దావిడ కళ్లు సరిగ్గా ఆనక కుట్టు మానేసిందట. మిషనుకు నూనె వేసి, పసుపు రాసి, బొట్టు పెట్టి ఉంచింది.

"కొత్త బెల్టు ఏయించినాను తల్లీ," అంది మా చెల్లెలి చెయ్యి పట్టుకుని.

నేను అప్పటికే వంగి చూస్తున్నాను. మూతి దానంతటదే విరిగింది.

"సెక్క ఉబ్బిపోనాది కదమ్మా. పెడలు కూడా బిగుసుకున్నట్టున్నాది. బాగుసేయించుకోడానికే బోలెడవుతాది."

ఆవిడ పెడలు మీద కాలు పెట్టి తొక్కింది. చక్రం మెత్తగా తిరిగింది.

"ఊరికే ఇస్తన్నాను కదే తల్లీ. ఇంకేటి తగ్గించమంటావు?"

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. నేను నవ్వేసేలోపే ఆవిడ మిషను మీద గుడ్డ కప్పేసింది.

"మంచిది కాదన్నాక నీ సెల్లికెందుకు అంటగడతాను? ఇంకెవలైనా అడుగుతార్లే."

మా చెల్లెలు నా వైపు తిరిగింది. "అక్కా, నువ్వు కిందకి పో."

"నేనేటన్నానే..."

"నోర్మూసుకుని పో. ఇది నాన్న కొట్టు కాదు."

కింద గేటు దగ్గర నిలబడ్డాను. నా నోటి మూలంగా దాని మిషను పోయినట్టే అనుకున్నాను. అంతలో పైనుంచి పెడలు టకటక వినిపించింది. "మెల్లగా తొక్కే, పారిపోదులే!" అని ఆవిడ నవ్వుతోంది.

చెల్లెలూ ఆటో అబ్బాయీ మిషను దించారు. వెనకాలే ఆవిడ గోడ పట్టుకుని మెట్లు దిగి వచ్చి, ఒక బిస్కట్ల డబ్బా నా చేతుల్లో పెట్టింది. లోపల గుండీలు, దారాలు. నేను అడగని కొసరు.

"ఇంకేటైనా కావాలా తల్లీ?"

చిన్నప్పుడు నాన్న కొట్లో కూర్చుని, వచ్చినవాళ్లందరినీ నేను అడిగిన మాటే. డబ్బా వైపే చూస్తూ అడ్డంగా తలూపాను.

ఆటోలో చాలా దూరం వచ్చాక చెల్లెలు ఫోన్ తీసింది.

"గ్రూపులో థాంక్స్ నేను పెడతాను. నువ్వు పెట్టకు. అందులో కూడా ఏదో ఒకటి అడుగుతావు."

సరేనన్నాను.