ఎర్ర దారం కట్టిన తీగ

గద్వాలలో ఒక బడిలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని నేను. అలాంటిదాన్ని, ఇంట్లో రెండు తీగల్లో ఏది ఎక్కడ పెట్టాలో తెలియక అయిదు రోజులు అందరి మీదా అరిచాను. అక్కడితో ఆగి ఉంటే ఈపాటికి నవ్వుకుని మరిచిపోయేదాన్ని. ఆగలేదు కాబట్టే ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

మా అత్తమ్మ నలభై ఏళ్లుగా చీరలు నేస్తోంది. మామయ్య ఉన్నన్నాళ్లూ నేతకార్మికుడి కార్డు ఆయన పేరు మీదే ఉండేది. ఎవరైనా వచ్చి అడిగితే అత్తమ్మ "నాదేముంది, పక్కన కూసుంట" అనేది. ఆయన పోయాక మా ఆయన పట్టుబట్టి, నేతవాళ్లకిచ్చే ఒక బహుమతికి మొదటిసారి ఆమె పేరుతో దరఖాస్తు పెట్టాడు. కాగితాలన్నీ సరిపోయాయి. ఇక మిగిలింది ఒక్కటే. గురువారం పొద్దున పదకొండింటికి హైదరాబాదులో కూర్చున్న అధికారులు ఆమె నేస్తుండగా వీడియోలో చూడాలి. అత్తమ్మ ఆ రోజుకని పచ్చ చీర తీసి ఇస్త్రీకి ఇచ్చింది. రోజుకు రెండుసార్లు "ఏమడుగుతరు బిడ్డా?" అని నా వెంట పడేది.

మగ్గం గది ఇంటి వెనక ఉంది, రాతి గోడలు. ఫోను సిగ్నల్ అక్కడ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. పాత వైఫై డబ్బా కూడా అంత దూరం అందదు. అందుకని ఆదివారం నేనే వెళ్లి మంచి కొత్త డబ్బా తెచ్చాను. కేబుల్ అన్నకు ఫోన్ చేస్తే "రేపొచ్చి నేను పెడ్త మేడం, జర ఆగుండ్రి" అన్నాడు. నేనెందుకు ఆగుతాను! అక్కర్లేదని చెప్పేశాను.

పాత డబ్బా విప్పబోతుంటే పాలు పొంగిన వాసన వచ్చి వంటింట్లోకి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి డబ్బా వెనక తీగలకు దారాలు కట్టి ఉన్నాయి. ఒకదానికి ఎర్ర పట్టుదారం, ఇంకోదానికి పచ్చది. అత్తమ్మ కత్తెర పట్టుకుని పక్కనే నిలబడి ఉంది.

"ఇదేంది అత్తమ్మా, దిష్టి దారాలా?"

"గట్ల కాదు బిడ్డా, జర ఇను. ఇప్పే ముందుగాల..."

"ఇది మగ్గం కాదత్తమ్మా. నీకు తెల్వదు, జరుగు."

ఆమె కత్తెరతోనే రెండు దారాలూ కత్తిరించి చెత్తలో వేశాను. ఆమె వెనక గదిలోకి పోయింది.

తీగలన్నీ పీకేశాక చూస్తే రెండూ ఒకే రంగు, ఒకే లావు. ఒకటి బయటి లైను నుంచి వచ్చేది, ఇంకోటి టీవీకి పోయేది. రెండూ గోడలో ఒకే పైపులోంచి వస్తాయి. నాకు తోచినట్టు పెట్టాను. దీపాలు వెలిగాయి, ఫోనులో వైఫై గీతలు నిండుగా వచ్చాయి, నెట్టు మాత్రం రాలేదు. ఆపి మళ్లీ వేశాను. పాస్‌వర్డు మార్చాను. పిన్నీసుతో వెనక బొక్కలో నొక్కి అంతా మొదటికి తెచ్చి మళ్లీ పెట్టాను. తీగలు సరిగ్గానే పెట్టానని మాత్రం గట్టి నమ్మకం. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు కదా!

సోమవారం కేబుల్ అన్నకు ఫోన్ చేసి తిట్టాను. "మా దిక్కు లైను మంచిగనే ఉంది మేడం. ఆ రెండు తీగలు జర మార్చి చూస్తరా?" అన్నాడు. నేను కంప్యూటర్ టీచర్ననీ, నాకు చెప్పొద్దనీ అన్నాను. ధరూర్ దిక్కు తీగలు తెగాయని, శుక్రవారం దాకా రాలేనని చెప్పి ఆయన ఫోన్ పెట్టేశాడు.

బుధవారం బడి నుంచి వస్తే డబ్బా మీద కుంకుమ బొట్టు కనిపించింది. పాపం, కొత్త వస్తువుకు పూజ చేస్తేనైనా పని చేస్తుందని ఆమె ఆశ. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నాకు ఒక సాకు దొరికింది. "నీ తడి బొట్లకే ఇది ఖరాబైంది! నీ బహుమతి నువ్వే పోగొట్టుకుంటున్నవ్!" అని వాకిట్లో నిలబడి అరిచాను. ఇరుగుపొరుగు వాళ్లు తొంగి చూశారు. అత్తమ్మ కొంగుతో ఆ బొట్టు తుడిచేసి "తప్పయింది బిడ్డా" అంది.

గురువారం పచ్చ చీర కట్టుకుని, పూలు పెట్టుకుని పదింటికే మగ్గంలో కూర్చుంది. మా ఆయన తన ఫోను నెట్టుతోనే వీడియో కలిపాడు. అధికారుల ముఖాలు ఒక్క క్షణం కనిపించాయి. అత్తమ్మ పోగుల మధ్య విసిరే నాడె అందుకుంది, అంతే, బొమ్మ ఆగిపోయింది. మూడుసార్లు కలిపినా అదే తంతు. చివరికి ఒకావిడ మామూలు ఫోన్ చేసి, ఈసారికి కుదరదు, వచ్చే ఏడు మళ్లీ పెట్టుకోండి అంది.

"నన్ను చూసిండ్రా వాళ్లు?" అని అడిగింది అత్తమ్మ.

"చూసిండ్రమ్మా" అన్నాడు మా ఆయన. నేను అక్కడ నిలబడలేకపోయాను.

శుక్రవారం కేబుల్ అన్న వచ్చాడు. రెండు తీగలూ పీకి, దీన్ని దాంట్లో, దాన్ని దీంట్లో పెట్టాడు. నిమిషంలో నెట్టు వచ్చింది.

"ఉల్టా పెట్టిండ్రు మేడం, గంతే. ఇప్పే ముందుగాల ఏదన్న గుర్తు కట్టుకోవాలె." అత్తమ్మ వైపు తిరిగి నవ్వాడు. "ఏం పెద్దమ్మా, నేసెటోళ్ల ఇంట్ల గుర్తుకు ఒక దారం లేకపాయెనా?"

అప్పుడు తట్టింది నాకు. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తే పాత పోగుల కొనలు అలాగే ఉంచి, వాటికే కొత్త పోగులు ఒక్కొక్కటీ అతుకుతారు. అంచు పోగులేవో తెలియడానికి ముందే రంగుదారం గుర్తు కడతారు. పెళ్లయినప్పటి నుంచి నేను చూస్తున్నదే. ఎర్రది బయటి తీగ, పచ్చది టీవీ తీగ. ఆ రోజు ఆమె నాకు చెప్పబోయింది అదే.

ఇప్పుడు చెప్పేస్తుంది అనుకున్నాను. ఆమె చెప్పాలనే కోరుకున్నాను కూడా.

"ఉన్నది గని బిడ్డా, కట్టుడు నేనే యాది మర్చిన" అంది అత్తమ్మ, నా వైపు చూడకుండా.

వాకిట్లో అంత అరిచిన నా నోరు అప్పుడు పెగల్లేదు. చాయ్ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను. అత్తమ్మ లోపలికెళ్లి ఎర్ర దారం తెచ్చి, బయటి తీగ ఏదో కేబుల్ అన్ననే అడిగి, దానికి రెండు ముడులు వేసింది. తర్వాత కత్తెర నా చేతికిచ్చింది.

"కొసలు కత్తిరియ్యి బిడ్డా. నాకు సరిగ కండ్లు కానొస్తలేవు."