ఒక వస్తువుకు ఒకే గూడు

విడిభాగాల గోదాములో పనిచేసినన్నాళ్లూ స్టోర్‌కీపరుది ఒకటే మంత్రం: ఒక వస్తువుకు ఒకే గూడు. రిటైరయ్యాక ఆ చాదస్తాన్ని మూటగట్టుకొచ్చి ఇంట్లో కంప్యూటరు నెత్తిన దించాడు. ఫొటోలు, బిల్లులు, పెళ్లి వీడియోలు, అన్నిటికీ తేదీయే పేరు. ఒకే పేరుతో రెండోది కంటబడితే ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. కసిగా చెరిపేసేవాడు.

"మన పాత ఫొటో ఏదండీ?" అని భార్య అడిగితే, "తేదీ చెప్పు, తీస్తాను" అనేవాడు. తేదీ గుర్తుంటే ఆవిడ నిన్నెందుకడుగుతుందయ్యా! ఆ మనిషితో కాపురం చేసినందుకు ఆవిడకు దణ్ణం పెట్టాలి.

తల్లి మంచాన పడ్డాక, ఆమె మాటల్ని రోజూ చిన్న రికార్డరులో పట్టి కంప్యూటరులోకి ఎక్కించాడు. మళ్లీ ఒక్కటీ వినలేదు. దాచడమే అతని పని. చెల్లెలు తనకూ కాపీలిమ్మంటే కస్సుమన్నాడు.

"రెండు చోట్లుంటే గందరగోళం. కావాలంటే మా ఇంటికొచ్చి విను."

అసలే ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. తల్లి పోయాక చెల్లెలు ఆ గడప తొక్కలేదు. ఏడాది గడిచాక వచ్చింది. కుర్చీ చూపినా కూర్చోలేదు.

"అమ్మ గొంతు వినిపించు, వినేసి పోతా. నీ మొహం చూడ్డానికి రాలేదు."

గర్వంగా ఫోల్డరు తెరిచాడు. ఒక్కటే ఫైలుంది. పక్క ఫోల్డర్లూ గాలించాడు. అప్పుడు తట్టింది: ఆ రికార్డరులో ఆగిపోయిన గడియారాన్ని సరిచేసిందే లేదు. తల్లి మాటలన్నిటికీ అది ఒకే తేదీ వేసింది. ఆ తేదీనే పేరుగా పెట్టి ఎక్కిస్తుంటే, ఈ పేరుతో ఒకటుంది, తీసేసి ఇది పెట్టనా అని కంప్యూటరు ప్రతిసారీ అడిగింది. ప్రతిసారీ సరేనన్నాడు. రికార్డరునూ ఎప్పటికప్పుడు ఖాళీ చేశాడు, అక్కడ నకలు మిగలకూడదని.

"మిగతావేవి?"

"పోయాయి."

"పోయాయా, పోగొట్టావా?"

మిగిలినదాన్ని నొక్కాడు. తల్లి దగ్గింది.

"ఒరే, చెల్లాయి అడిగిందటగా. దానికీ ఇవ్వరా. అన్నీ నీ దగ్గరే పెట్టుకుని ఏం చేస్తావు?"

సొరుగులోంచి పెన్‌డ్రైవ్ తీసి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక నకలు చేసి చెల్లెలి చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని సంచిలో వేసుకుంది. కళ్లు తుడుచుకుంది. కానీ కదల్లేదు.

"ఇప్పుడు నీది చెరిపెయ్, అన్నయ్యా. నేను చూస్తుండగా."

"అదేం మాటే!"

"రెండు చోట్లుంటే గందరగోళం కదా. కావాలంటే మా ఇంటికొచ్చి విను."