ఆదివారం మాత్రమే ఆగే పెళ్లి వీడియో

లూకన్‌లో మా అద్దె ఫ్లాట్ చూపించిన రోజు ఏజెంటు నడవాలో ఒక తలుపు తీసి, "హాట్ ప్రెస్" అన్నాడు. ఈ దేశంలో ప్రెస్ అంటే అలమర అని నాకప్పటికే తెలుసు. తెలిసిన మాట ఒకటి చెవిన పడగానే మిగతాది వినడం మానేసే అలవాటు నాది. ముందున్న 'హాట్'ని వదిలేశాను.

సినిమాల కోసం నేనే విడిభాగాలు కొని బిగించుకున్న చిన్న కంప్యూటరును ఆ అలమరలో పెట్టి, తలుపు కింద సందులోంచి కేబులు లాగి హాల్లో టీవీకి కలిపాను. ఫ్యాను చప్పుడు వినబడదు, వైర్లు కనబడవు. ఇంటికొచ్చినవాళ్లకు టీవీ కంటే ముందు ఆ తలుపే చూపించేవాణ్ణి.

అంతలో మా బావమరిది పెళ్లయింది. మా ఆవిడ వెళ్లలేకపోయింది. ఆమె నివాస కార్డు రెన్యువల్‌కి అప్లై చేయాల్సింది నేను. రేపు చేద్దాంలే అంటూ గడువు దాటించాను. కార్డు లేకుండా దేశం దాటితే మళ్లీ రానివ్వరు. కొత్త జంటను గుమ్మంలో అడ్డగించి, పేర్లు చెబితేనే లోపలికి వదలాలని ఆడపడుచుగా ఆమె ఎన్నాళ్లనుంచో అనుకుంటోంది. ఆ పని ఆమె పిన్ని కూతురు చేసింది. మరదలు పేరెలా చెప్పిందో పెద్ద తెర మీదైనా చూడాలని ఆమె ఆశ.

ఆదివారం తలస్నానాలు, భోజనాలు అయ్యాక వీడియో పెట్టాం. తాళి కట్టేదాకా హాయిగా నడిచింది. అప్పగింతల్లో తడబడింది. గుమ్మం దగ్గరికొచ్చేసరికి పెళ్లికూతురు నోరు తెరిచి, "మా... మా... మా..." అంటూ బిగుసుకుపోయింది.

"అయ్యో, పిల్లకి నత్తి ఉందని మావాడు చెప్పనేలేదే!" అంది మా ఆవిడ.

వారమంతా కుస్తీ పట్టాను. ప్లేయర్ మార్చాను, డ్రైవర్లు మార్చాను, కొత్త కేబులు తెచ్చాను. శుక్రవారం సాయంత్రం చక్కగా ఆడింది. బాగుచేసేశానని ప్రకటించాను. ఆదివారం మళ్లీ "మా... మా... మా..."

ఊళ్లో వీడియో తీసినతనికి ఫోన్ చేశాను. "నువ్విచ్చిన ఫైల్లోనే ఏదో తేడా ఉంది తమ్ముడూ."

"ఇక్కడ బ్రహ్మాండంగా ఆడుతోంది సార్. మీ కంప్యూటరు ఎవరైనా తెలిసినవాళ్లకి చూపించండి."

"నా ఉద్యోగమే అదయ్యా!"

"ఓహో... మరైతే ఇంకెవరికైనా చూపించండి సార్."

మా ఆవిడ ఒక మాట అంది. "ఏమండీ, మామూలు రోజుల్లో ఆగట్లేదు. మనం తలంటుకున్న రోజే ఆగుతోంది."

"దానికి కుంకుడుకాయ పడదేమో," అని పగలబడి నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఆ తరువాతి ఆదివారం తల తుడుచుకోవడానికి తువ్వాలు కోసం వెళ్లి, నడవాలోంచి పిలిచింది. "ఒకసారిలా రండి. చెయ్యి పెట్టి చూడండి."

అలమరలో ఇడ్లీపాత్ర మూత తీసినంత వేడి. లోపలున్న పెద్ద పీపాను నేనూ చూశాను, చన్నీళ్లదనుకున్నాను. ఏజెంటు అన్న 'హాట్' దీని గురించే. మరి ఇన్నాళ్లూ మా వేడినీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయనుకున్నానో నన్నడక్కండి. ఇంటిల్లిపాది తలస్నానాలకు పొద్దుటి నుంచీ ఆ పీపాలో నీళ్లు కాగుతుంటే, పాపం కంప్యూటరు మాడిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటోంది. పైగా దాని మీద మడతపెట్టిన నాలుగు తువ్వాళ్లు.

"ఇవెవరు పెట్టారు?"

"నేనే. దాని మీదైతే వెచ్చగా ఉంటున్నాయి."

"నాకు చెప్పొచ్చుగా!"

"చెప్పాగా, తలంటు రోజే ఆగుతోందని. మీరు కుంకుడుకాయ అన్నారు."

ముందుగా వీడియో తీసినతనికి ఫోన్ చేసి క్షమించమన్నాను. "పర్లేదు సార్, ఇంతకీ ఎవరు కనిపెట్టారు?" అన్నాడు. చెప్పాను.

కంప్యూటరును టీవీ పక్కకి మార్చాను. ఫ్యాను గ్రైండరులా మోగుతోంది. పెళ్లయింది, అప్పగింతలయ్యాయి, గుమ్మం వచ్చింది. పెళ్లికూతురు నోరు తెరిచింది. బొమ్మ ఆగింది. నేను ఎగిరి కేబులు పట్టుకున్నాను.

"కూర్చోండి. నేనే ఆపాను."

రిమోట్ ఆమె చేతిలో ఉంది. టీవీ ముందుకు వెళ్లి, రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడింది.

"ఊఁ, చెప్పమ్మా. మా తమ్ముడి పేరు చెప్తేనే లోపలికి."

కాసేపు బాగా ఏడిపించాక బటన్ నొక్కింది. మరదలు గుక్కతిప్పుకోకుండా పేరు చెప్పి, నవ్వుతూ లోపలికి పరుగెత్తింది. మా ఆవిడ వెనక్కి తిప్పి, గుమ్మం దగ్గర మళ్లీ ఆపింది. ఈసారి నేను కదల్లేదు.