కొలతలు తప్పిన బొమ్మ

మొన్న టీవీలో ఏదో బొమ్మ వేలంలో కోట్లు పలికిందని చూపిస్తుంటే, చేతులెత్తి పాట పెంచుతున్న ఆ పెద్దమనుషుల్ని చూడలేక లేచి వెళ్లి వరండాలో కూర్చున్నాను. వేలం పాటంటే నాకు డెబ్బైల నాటి గోదావరిఖని, అక్కడి బడిలో కొత్తగా డ్రాయింగు మాస్టారుగా చేరిన రోజులు, అప్పుడు నేను చేసిన ఒక చెడ్డపని గుర్తొస్తాయి.

ఆ బొగ్గుగనుల కాలనీల్లో బతికిన వాళ్లకు చీటీ పాట గురించి నేను చెప్పాలా! జీతాల మర్నాడు ఇరవైమందిమి చాపల మీద కూర్చునేవాళ్లం; అందరి డబ్బూ కుప్పపోశాక, అందులో ఎవరు ఎక్కువ వదులుకుంటానంటే వారికే ఆ నెల చీటీ, వదులుకున్నది మిగతా వాళ్లకు పంపకం. ఏ అవసరమూ లేని నాలాంటి బ్రహ్మచారికి అది పండగే. ఆ పంపకాలతోనే చేతి గడియారం కొనుక్కుని, అది కనబడేలా చొక్కా చేతులు మడిచి మరీ తిరిగాను. మా పక్క క్వార్టరులో ఉండే బొగ్గుబాయి కార్మికుడు, అందరం కాక అని పిలిచేవాళ్లం, భార్య ఆపరేషన్ కోసం ఒక నెల దాదాపు సగం వదులుకుని చీటీ ఎత్తుకున్నాడు. నా వాటా నేను లెక్కపెట్టుకుని జేబులో వేసుకున్నాను.

ఆ ఏడు బళ్లో పొదుపు మీద బొమ్మల పోటీ పెట్టాం. బహుమతి రంగుల పెట్టె, ఇచ్చేది మా చీటీ నడిపే సేటు. ఎనిమిదో తరగతి చదివే కాక కూతురు ఆ పెట్టె కోసం నెల ముందునుంచే అరిగిపోయిన పెన్సిలు ముక్కతో గీసి గీసి చూసుకుంది. చివరికి వేసింది చీటీ పాట. చుట్టూ కొండంత మనుషులు, నడుమ పాట గెలిచినవాడు చీమంత, చుట్టూ ఉన్నవాళ్ల చేతులన్నీ అతని మూట మీద. అందులో ఒక చేతికి గడియారం ఉంది.

బొమ్మ అర్థం నాకు చూడగానే తెలిసింది. తెలిసి కూడా, సేటు పక్కన ఉన్నాడని, దాన్ని అందరి ముందూ ఎత్తి చూపించి, గెలిచినవాణ్ణి ఇంత చిన్నగా వేస్తారా, నీకు కొలతలే రావు అని నవ్వాను. పిల్లలంతా నవ్వారు.

"గట్లనే ఉంటది సార్, నేను చూసిన," అంది ఆ పిల్ల.

రంగుల పెట్టె ఇంకెవరో మట్టి హుండీ వేసిన బొమ్మకు వెళ్లింది. ఆమె మళ్లీ నా క్లాసులో బొమ్మ వెయ్యలేదు. వెయ్యమని నేనూ అనలేదు, నా ముఖం ఎక్కడ వేస్తుందోనని. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాత కాకకు కొత్తగూడెం బదిలీ అయింది. ఇప్పుడు చీటీ పాటలు ఫోన్లలోనే అయిపోతున్నాయట, ఎవరి చెయ్యి ఎవరి మూట మీదుందో ఎవరికీ కనబడదు. ఉద్యోగమంతా పిల్లలకు కొలతలే నేర్పాను గానీ, అంత సరైన కొలతలున్న బొమ్మ మళ్లీ చూడలేదు. ఆ మాట ఆమెతో చెప్పడానికి కొత్తగూడెం బస్సెక్కితే సరిపోయేది, ఇన్నేళ్లలో ఒక్కసారీ ఎక్కలేదు.